మందాతాయి ఇంట్లోకి ఎవరో వస్తున్నారు

మందాకినీ పెండ్సేకి పుట్టినప్పుడు చూపు ఉండేది. నాలుగో ఏట మశూచి సోకి అది పోయింది. రంగుల్లో తనకు ఎరుపొక్కటే గుర్తుందని, అది వాళ్ళమ్మ చీరదో, పెరట్లో మిరపకాయలు ఆరబోసిన చాపదో చెప్పలేనని అనేది. బొంబాయిలో చూపులేని పిల్లల బడిలో చదువుకుంది. తర్వాత ఫోర్ట్‌లో ఒక పెద్ద బ్యాంకులో టెలిఫోన్ ఆపరేటరుగా చేరింది. ఆ బ్యాంకుకి ఎవరు ఫోను చేసినా ముందు వినిపించేది ఆమె గొంతే.

నేనెరిగేనాటికి ఆమె వయసు యాభైకి దగ్గర పడింది. డోంబివ్లీలో మా బిల్డింగులోనే రెండో అంతస్తులో ఉండేది. మాది కింది వాటా. మా నాయన షోలాపూర్ మగ్గాలు వదిలేసి ఇక్కడికి వచ్చినవాడు. నేను పుట్టి పెరిగింది ఇక్కడే. పొద్దున్నే మేమిద్దరం ఒకే లోకల్ ఎక్కేవాళ్ళం. నా భుజం మీద చెయ్యి వేసుకుని, మెట్లు దిగుతూ, ప్లాట్‌ఫారం ఎక్కుతూ, తోసుకునేవాళ్ళని తిడుతూ వచ్చేది. నన్ను రాజీ అని పిలిచేది. బిల్డింగులో అందరికీ ఆమె మందాతాయి, అంటే మందక్క.

ఆమె భర్త మధుకర్‌కి ఒక కంటితో మసకమసకగా కనిపించేది. రైల్వే వర్క్‌షాపులో కుర్చీలకు కేను అల్లే పని. బ్యాంకు అప్పు మీద ఆ ఇల్లు కొనుక్కున్న కొన్నేళ్ళకే కామెర్లు ముదిరి పోయాడు. పిల్లలు లేరు. పుణేలో ఉండే తమ్ముడు శరద్ వచ్చి, ఇల్లు అమ్మేసి తనతో వచ్చేయమన్నాడు. "మీ ఇంట్లో నేను చుట్టాన్ని అవుతానురా. ఇక్కడైతే ఇంటిదాన్ని" అని పంపేసింది. ఆ తర్వాత ఏడాదికొకసారి వచ్చి అదే మాట అడిగి వెళ్తుండేవాడు.

ఆమె ఇల్లంతా ఒక గది, ఒక వంటిల్లు. గదిలో ఇనప మంచం, మధుకర్ అల్లిన కుర్చీ, రేడియో. కుర్చీ గోడకి ఆనుకుని ఉండాలి. దిండు గలీబు నోరు గోడవైపు ఉండాలి. ఫ్యాను రెగ్యులేటరు మూడు మీద ఉండాలి. ఆ ఇంటికి వెళ్ళినవాళ్ళు గ్లాసు తీస్తే తీసినచోటే పెట్టాలి. పెట్టకపోతే "ఎక్కడ పెట్టావు? నోటితో చెప్పు" అనేది. మొదట్లో నాకది చాదస్తం అనిపించేది. ఒకరోజు నేను గుమ్మంలో వదిలిన బకెట్టుకి తగులుకుని ఆమె పడబోయాక మళ్ళీ అనుకోలేదు.

హోలీ అయిన కొన్నాళ్ళకి ఒక పొద్దున రైల్లో, కిటికీ పక్కన చోటు దొరికాక, నెమ్మదిగా అంది.

"రాజీ, నేను లేనప్పుడు మా ఇంట్లోకి ఎవరో వస్తున్నారు."

"ఏం పోయింది?"

"ఏం పోలేదు. నిన్న కుర్చీకి మోకాలు గుద్దుకున్నాను. గోడ దగ్గర లేదు, జానెడు ముందుకొచ్చింది. మొన్న ఫ్యాను అయిదు మీద ఉంది. దిండు తిరగబడి ఉంది."

"పొద్దున హడావిడిలో మీరే జరిపారేమో తాయి."

"నువ్వు కూడా అదే అను" అని కిటికీవైపు తిరిగిపోయింది.

నాకు నమ్మకం కుదరలేదు. కానీ ఆమె తేలిగ్గా భయపడే మనిషి కాదు. ఒకసారి రైల్లో ఎవడో గొలుసు లాగబోతే వాడి చెయ్యి పట్టుకుని కళ్యాణ్ దాకా వదల్లేదు. అందుకని సాయంత్రం ఆమెతోపాటు సొసైటీ సెక్రటరీ బర్వే దగ్గరికి నేనూ వెళ్ళాను.

బర్వే మున్సిపాలిటీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. బిల్డింగులో బల్బు మాడినా ఆయనే, నీళ్ళు రాకపోయినా ఆయనే. లుంగీ సర్దుకుంటూ అంతా విన్నాడు.

"డబ్బు పోయిందా?"

"లేదు."

"బంగారం?"

"లేదు."

"మరి వచ్చినవాడు ఎందుకొచ్చినట్టు తాయి? మీ ఫ్యాను కింద గాలి పోసుకోవడానికా?"

"అది కనుక్కోమనే మీ దగ్గరికొచ్చాను."

బర్వే కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. లోపల్నుంచి భార్య ఏదో అడిగితే "ఆగవే" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, వాచ్‌మన్ లల్లన్ మధ్యాహ్నాలు పైకి ఎక్కుతున్నాడని, తనకి వాడి మీద ఎప్పట్నుంచో అనుమానమేనని అన్నాడు. లల్లన్ పైకి ఎక్కేది టాంకు వాల్వు తిప్పడానికని అందరికీ తెలుసు. బర్వేకి తన భార్య వైపువాడొకణ్ణి ఆ పనిలో పెట్టాలని ఉందని కూడా అందరికీ తెలుసు.

"నేను లల్లన్ పేరు చెప్పలేదు" అంది మందాతాయి.

"మీరెందుకు చెప్తారు? చూసే పని మాది కదా."

మెట్లెక్కుతూ ఆమె నా భుజాన్ని గట్టిగా పట్టుకుంది. "అడిగిందొకటి, ఆయన పట్టుకున్నదొకటి" అంది.

రెండో అంతస్తులో ఆమె ఎదురిల్లు చౌగులే వాళ్ళది. వాళ్ళదీ ఒక గది, ఒక వంటిల్లే. అందులో దిగంబర్ చౌగులే, భార్య సులభా, ఇద్దరు పిల్లలు, మంచం పట్టిన మామగారు, అత్తగారు, పెళ్ళికాని మరిది వినాయక్ ఉండేవాళ్ళు. వినాయక్‌కి అంబర్‌నాథ్‌లో రసాయనాల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ. పొద్దున వచ్చి సాయంత్రం దాకా పడుకునేవాడు. వాడు లేస్తాడని ఆ ఇంట్లో పగలంతా గుసగుసగానే మాట్లాడుకునేవాళ్ళు.

సులభాకి ముప్పయ్యేళ్ళు కూడా ఉండవు. మధుకర్ పోయినప్పుడు పదమూడు రోజులూ మందాతాయికి అన్నం తెచ్చి పెట్టింది ఆమే. టాంకు కట్టకముందు మధ్యాహ్నం కొళాయి వచ్చినప్పుడు మందాతాయి డ్రమ్ము నింపేది కూడా ఆమే. అందుకోసమని ఆమె దగ్గరో తాళంచెవి ఉండేది. టాంకు వచ్చాక డ్రమ్ము అవసరం తీరింది కానీ తాళంచెవి అక్కడే మేకుకి ఉండిపోయింది.

బర్వే దగ్గర్నుంచి వచ్చిన మేము మెట్ల మీద మాట్లాడుకుంటుంటే చౌగులే ఇంటి ముసలావిడ గుమ్మంలోకి వచ్చింది.

"మధుకరే వస్తున్నాడేమో చూసుకో మందా. తద్దినం సరిగ్గా పెట్టించావా?"

"ఆయనైతే ఫ్యాను అయిదు మీద పెట్టరు ఆజీ. మే నెలలో కూడా దుప్పటి కప్పుకునే మనిషి."

సులభా లోపల రొట్టెలు చేస్తూ నవ్వలేదు. ఆ సంగతి నాకు చాలా రోజుల తర్వాత గుర్తొచ్చింది.

మందాతాయి బర్వే మీద ఆశ పెట్టుకోలేదు. తన ఇంటి కాపలా తనే చూసుకోవడం మొదలుపెట్టింది. ముందు వంటింటి కిటికీకి ఇనప గ్రిల్లు పెట్టించింది. ఆ పనివాడు వెళ్ళాక ప్రతి కడ్డీనీ పట్టుకుని ఊపి చూసింది. తలుపుకి లోపల గొలుసు వేయించింది. అది తను ఇంట్లో ఉన్నప్పటికే పనికొస్తుందని తెలుసు, అయినా వేయించింది. మా అమ్మ కుక్కని పెంచుకోమంది. "దానికి తిండి పెట్టేదెవరు, బయటికి తిప్పేదెవరు? నన్నే అది తిప్పాలి" అని నవ్వింది.

ఆ నవ్వు పైపైదే. బ్యాంకులో లైన్లు తప్పు కలుపుతోందని సూపర్‌వైజరు అన్నాడట. ఇంటికొచ్చి తలుపు తీసినప్పుడు ముందు గుమ్మంలోనే నిలబడి, చెవులు రిక్కించి, ఆ తర్వాతే అడుగు లోపల పెడుతున్నానని నాతో చెప్పింది. "నా ఇల్లు నాకు కొత్తిల్లులా ఉంది రాజీ. చెయ్యి చాపితే అక్కడ ఏముంటుందో తెలియట్లేదు" అంది. ఆమె భయాన్ని అప్పుడు నమ్మాను.

చివరికి తాళమే మార్చేద్దాం అన్నాను. స్టేషను దగ్గర్నుంచి తాళాలవాణ్ణి తీసుకొచ్చాను. తలుపు చెక్కలో బిగించే రకం పెట్టాడు, లోపల్నుంచీ బయట్నుంచీ తాళంచెవితో తీసేది. దానికి రెండే తాళంచెవులు. మందాతాయి రెంటినీ తడిమి చూసుకుని ఒకటి మెడలో దారానికి కట్టుకుంది. రెండోది పట్టుకుని నేరుగా ఎదురింటికి వెళ్ళింది.

"సులభా, పాతది పారెయ్. ఇది ఉంచు. నేను లోపల జారి పడ్డా ఎవరో ఒకరు తలుపు తియ్యాలి కదా."

"వద్దు తాయి, రాజీకి ఇవ్వండి."

"రాజీ రోజంతా ఆఫీసులో ఉంటుంది. నువ్వు ఇంట్లో ఉంటావు. పట్టుకో" అని ఆమె అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "మధ్యాహ్నం కాస్త నా తలుపు మీద చెవి పెట్టి ఉంచు. అడుగు చప్పుడైతే గట్టిగా అరువు."

సులభా సరేనంది.

ఒక వారం ఏమీ జరగలేదు. మందాతాయి మొహం తేటపడింది. రైల్లో పక్కావిడతో పచ్చిమామిడి పానకం, కైరీ పన్హా, ఎలా చెయ్యాలో వాదన కూడా పెట్టుకుంది. ఈలోగా బర్వే ఊరుకోలేదు. ఆదివారం మీటింగు పెట్టి లల్లన్‌ని తీసేద్దామని ఇంటింటికీ చెప్పాడు. తాళం మార్చాక దొంగతనాలు ఆగిపోయాయి కాబట్టి పాత తాళానికి వాడే మారు తాళంచెవి చేయించి ఉంటాడని ఆయన లెక్క. దొంగతనం అసలు జరగలేదని ఎవరికీ గుర్తు లేదు.

ఆ బుధవారం సాయంత్రం మందాతాయి ఫ్యాను రెగ్యులేటరు మీద చెయ్యి వేస్తే అది మళ్ళీ అయిదు మీద ఉంది.

ఎవరికీ చెప్పలేదు. గురువారం ఇంట్లోంచి బయల్దేరే ముందు నల్లదారం ముక్కొకటి తలుపుకీ చట్రానికీ మధ్య, కింద ఎక్కడో ఎవరి కంటా పడనిచోట, మైనంతో అంటించింది. సాయంత్రం వచ్చి చూసుకుంటే దారం తెగి వేలాడుతోంది. తాళం ఎవరూ బలవంతంగా తీసింది కాదు. గ్రిల్లు గట్టిగా ఉంది. మంచం మీద కూర్చుని మెడలో తాళంచెవిని పట్టుకుందట. ఒకటి ఇక్కడుంది. రెండోది ఎక్కడుందో తనకి తెలుసు. "లేచి స్టవ్వు వెలిగించడానికి కూడా ఓపిక లేకపోయింది. దొంగైతే బాగుండు అనిపించింది" అని తర్వాత నాతో అంది.

శుక్రవారం పొద్దున రోజూలాగే నాతో మెట్లు దిగింది. దిగాక, "నువ్వెళ్ళు, నేను సెలవు పెట్టాను. మధ్యాహ్నం దాకా మీ అమ్మ దగ్గర కూర్చుంటాను. ఎవరితోనూ అనకు" అంది. ఎందుకని అడిగితే చెప్పలేదు. మధ్యాహ్నం బిల్డింగు సద్దుమణిగాక చెప్పులు చేత్తో పట్టుకుని పైకెక్కి, తలుపు తీసుకుని, లోపల్నుంచి తాళం వేసుకుని, వంటింట్లో పీట మీద కూర్చుంది. ఆ గదిలో ఏం జరిగిందో ఇద్దరూ వేర్వేరుగా నాకు చెప్పారు. ఇద్దరి మాటలకీ పెద్ద తేడా లేదు.

తాళంచెవి తిరిగింది. గాజుల చప్పుడుతోనే ఎవరో తెలిసిపోయింది. వచ్చినామె తలుపు మూసి, ఫ్యాను వేసి, రెగ్యులేటరు చివరిదాకా తిప్పింది. కుర్చీ పక్కకి జరిపింది. మంచం మీది దిండు తీసుకుని కింద చల్లటి బండల మీద వేసుకుని పడుకుంది. గట్టిగా ఒక నిట్టూర్పు. ఆ తర్వాత నిద్రపోయిన ఊపిరి.

మందాతాయి కదలకుండా కూర్చుంది. కేకేద్దామని వచ్చింది. కానీ ఆ నిద్ర ఎంత లోతుగా ఉందంటే, లేపడానికి చెయ్యి రాలేదట. చాలాసేపు అలాగే వింటూ ఉండిపోయింది.

సులభా తనంతట తనే లేచింది. దిండు మంచం మీద పెట్టబోతూ వంటింటి గుమ్మంలో మనిషిని చూసింది.

"గలీబు నోరు గోడవైపు పెట్టు" అంది మందాతాయి.

సులభా దిండు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"హోలీ అయిన దగ్గర్నుంచి తాయి."

"ఎందుకు?"

"నిద్ర కోసం. మా ఇంట్లో గదిలో వినాయక్ భావోజీ పడుకుంటారు. మామగారి మంచం అటు. వంటింట్లో అత్తయ్య. నేను మెట్ల మీద కూర్చుంటాను. పిల్లలకి ఒంటిపూట బడి పెట్టాక అదీ లేదు. రాత్రి మామగారికి రెండుసార్లు పక్క మార్చాలి. ఒక్క గంట కాళ్ళు చాపుకుంటే చాలనిపించింది" అంది.

"ఇంట్లో ఏం చెప్పి వస్తావు?"

"కింద మరాఠే వాళ్ళ వదిన దగ్గర కుట్టు నేర్చుకుంటున్నానని."

"నన్నడిగితే వద్దంటానా?"

"మీరు వద్దనరు. మీరు మంచివాళ్ళు, నా మంచికే అనుకుని అత్తయ్యతో ఒక మాట అంటారు. ఈ ఇంట్లో ఏం తక్కువైందని ఊరు మీద పడి పడుకుంటున్నావని ఆవిడ నన్ను బతకనివ్వదు." ఆమె గొంతు సన్నబడింది. "ఏమీ ముట్టుకోలేదు తాయి. అన్నీ ఎక్కడివక్కడే పెట్టాననుకున్నాను. మీకు తెలియదనుకున్నాను."

"కళ్ళు లేవు కాబట్టి."

సులభా దిండుని గలీబు నోరు గోడవైపు తిప్పి మంచం మీద పెట్టింది.

"నేను భయపడుతున్నానని నీకు తెలుసు. గ్రిల్లు పెట్టిస్తుంటే చూశావు. కొత్త తాళం వేయించి నీ చేతికే తెచ్చి ఇచ్చాను. అప్పుడైనా నోరు తెరవలేదు."

"అప్పుడే చెబుదామనుకున్నాను. మీరు వేళ్ళు మూసేశారు. ఇంక మాట రాలేదు."

మందాతాయి చెయ్యి చాపింది. సులభా తాళంచెవి అందులో పెట్టింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, "మా ఇంట్లో చెప్పకండి" అంది. మందాతాయి చెబుతాననలేదు, చెప్పననలేదు.

శనివారం రైల్లో నాకంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ కోపంగానే ఉంది. "నేను లేనిచోట నా వెనక నవ్వితే పర్వాలేదు రాజీ. ఎదురింట్లోనే ఉండి, నా ఇంట్లోకి వచ్చిపోతూ, నాకు తెలియదనుకుంది" అంది. రేపు మీటింగులో నిజం చెప్పేయమన్నాను. లేకపోతే లల్లన్ ఉద్యోగం పోతుంది. "చెప్తే ఆ పిల్ల కాపురం ఏమవుతుందో తెలుసా నీకు? ఆ ముసలావిడ నోరు విన్నావా?" అంది. మరేం చేస్తారంటే, చూద్దాం అంది.

ఆదివారం పొద్దున బిల్డింగు కింద స్కూటర్లు పక్కకి జరిపి కుర్చీలు వేశారు. ఎక్కువమంది మగవాళ్ళే వచ్చారు. దిగంబర్ చౌగులే పేపరు పట్టుకుని వెనక కూర్చున్నాడు. సులభా రాలేదు. లల్లన్ గోడ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జౌన్‌పూర్ వైపువాడు, చిక్కటి మీసాలు, పెద్దగా మాట్లాడడు. బర్వే గొంతు సవరించుకుని ఒంటరి ఆడవాళ్ళ భద్రత గురించి కాసేపు మాట్లాడాడు. తర్వాత, "మందాతాయి, జరిగింది మీరే చెప్పండి" అన్నాడు.

మందాతాయి లేచి నిలబడింది. నేను పక్కనే ఉన్నాను. ఆమె చెయ్యి నా భుజం మీద లేదు.

"జరిగిందేమీ లేదు. పొరపాటు నాదే. ఫ్యాను నేనే తిప్పి మర్చిపోయాను. కుర్చీ నేనే జరిపాను. మా ఇంట్లోకి ఎవరూ రాలేదు. లల్లన్ భావూ, నా వల్ల నీకు ఇబ్బంది అయింది, ఏమీ అనుకోకు."

ఎవరో చిన్నగా నవ్వారు. బర్వేకి కోపమూ వచ్చింది, ఊరటా కలిగింది. "నేను మొదటిరోజే అన్నాను కదా, ఏమీ పోకుండా దొంగ ఎందుకొస్తాడని" అన్నాడు. మూడో అంతస్తు ఆయన, వయసుతోపాటు మతిమరుపు మామూలేనని, తన తల్లికీ అలాగే మొదలైందని చెప్పాడు. దిగంబర్ చౌగులే పేపరు మడుస్తూ, "పర్వాలేదు తాయి, కళ్ళున్నవాళ్ళకే ఏది ఎక్కడ పెట్టామో గుర్తుండదు" అన్నాడు, ఓదార్పుగానే.

ఆమె ఆ మాటలన్నీ నిలబడే వింది. చిన్నప్పట్నుంచి ఆమెకి నచ్చనిది అదొక్కటే: తను చెప్పింది నిజమో కాదో కళ్ళున్నవాళ్ళు తేల్చడం. బ్యాంకులో దానికోసం ఎంత కొట్లాడిందో నాకు తెలుసు. ఆ రోజు తన నోటితో తనే వాళ్ళకి ఆ మాట అప్పజెప్పింది. పైకెళ్ళి తలుపు వేసుకుంది. నేను వెళ్తే తియ్యలేదు.

సాయంత్రం దిగంబర్ ఇంట్లో భోజనాల దగ్గర ఈ కబురు చెప్పాడు. ముసలావిడ పడీపడీ నవ్వింది. "అంధురాలికి దొంగ కనిపించాడట, వినండి" అంది. రొట్టె కాలుస్తున్న సులభా అట్లకాడ కింద పెట్టేసింది.

"తాయి అబద్ధం చెప్పింది. వెళ్ళింది నేను" అంది.

కారణం కూడా చెప్పింది. ముసలావిడ ముందు నమ్మలేదు, తర్వాత తిట్టడం మొదలుపెట్టింది. వినాయక్ ఆ పళ్ళెం ముందు నుంచి లేచి డ్యూటీకి వెళ్ళిపోయాడు. దిగంబర్ మాత్రం ఒకటే అన్నాడు. "ఇంక అయిపోయింది కదా. గడప దాటనివ్వకు ఈ మాటని. నలుగురిలో నా పరువు తియ్యకు." సులభా నోరు మూసుకుంది.

విషయం అక్కడితో ఆగిపోయేదే. కానీ బర్వే పుణేకి ఫోను చేసి శరద్‌తో, మీ అక్కకి మతి తప్పుతోంది, ఒంటరిగా ఉంచడం మంచిది కాదని చెప్పాడు. మరుసటి ఆదివారం పొద్దున్నే శరద్ దిగాడు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. మంచం మీద ఆమె చీరలు పెట్టెలో సర్దుతున్నాడు. ఆమె తీసి మళ్ళీ బయట పెడుతోంది.

"అక్కా, నువ్వే ఒప్పుకున్నావు కదా అందరిలో. రేపు గ్యాసు కట్టడం మర్చిపోతావు. అప్పుడెవరిది పూచీ?"

"మర్చిపోను."

"మర్చిపోయినవాళ్ళకి మర్చిపోయామని ఎలా తెలుస్తుంది?"

నిజం చెబితే అయిపోయేది. ఆమె చీర మడత విప్పి మళ్ళీ పెడుతోంది. నేను చెప్పబోతే నా చెయ్యి నొక్కింది.

తలుపు తీసే ఉంది. ఎదురింట్లో మాటలన్నీ వినపడతాయి. సులభా పిండి చేతులతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వెనక దిగంబర్ "సులభా" అని పిలుస్తున్నాడు. ఆమె వెనక్కి తిరగలేదు.

"అన్నా, మీ అక్క మతి బాగానే ఉంది. ఆమె చెప్పిందంతా నిజమే. రోజూ వచ్చింది నేను. నన్ను కాపాడాలని అందరిలో మాట పడింది" అంది శరద్‌తో. అని అక్కణ్ణుంచి కిందకి దిగి, బర్వే తలుపు కొట్టి, ఆయనకీ అదే చెప్పింది. మెట్ల మీద లల్లన్ కనబడితే అతనికీ చెప్పింది. పిండి చేతికే ఎండిపోయింది.

శరద్ పెట్టెలోంచి చీరలు తీసి మంచం మీద పెట్టేశాడు. మధ్యాహ్నం భోంచేసి వెళ్ళిపోతూ, "ఇలాంటి మనుషుల మధ్య ఎందుకుంటావో నాకర్థం కాదు" అన్నాడు. ఆ తర్వాత కూడా ఏడాదికోసారి వచ్చేవాడు కానీ, ఇల్లు అమ్మే మాట ఎత్తలేదు.

బర్వే ఎవరినీ ఏమీ అనలేదు. లల్లన్ నిర్దోషి అని తనకి మొదట్నుంచీ తెలుసని మాత్రం కొన్నాళ్ళు చెప్పుకు తిరిగాడు. లల్లన్ చాలా రోజులు మందాతాయికి నమస్తే పెట్టలేదు. ఆమే ఒకరోజు గేటు దగ్గర ఆగి, కోపం పోలేదా అని అడిగింది. "మీరు దొంగ వచ్చాడన్నారు దీదీ, నా పేరు చెప్పలేదు. అది నాకు తెలుసు. కానీ నిలబడింది నేనే కదా అందరి ముందు" అన్నాడు. ఆమె అవునంది. తర్వాత ఎప్పటికో మామూలుగా మాట్లాడాడు.

సులభా ఇంట్లో ఆ వేసవంతా రచ్చే. ముసలావిడ కొడుకు ముందూ, చుట్టాల ముందూ, కూరగాయలవాడి ముందూ ఎత్తిపొడిచేది. మారినవాడు వినాయక్. తన నిద్రవల్లే ఇదంతా జరిగిందని అతనికి తగిలినట్టుంది. ఫ్యాక్టరీ దగ్గర స్నేహితులతో కలిసి ఒక గది చూసుకుని వెళ్ళిపోయాడు. దానికీ సులభానే కారణమని ముసలావిడ ఇంకొన్ని నెలలు తిట్టింది.

మందాతాయి సులభాతో వానలు మొదలయ్యేదాకా మాట్లాడలేదు. రెండో తాళంచెవి నాకిచ్చింది. నేను ఆఫీసుకి పోయినా మా అమ్మ ఇంట్లో ఉంటుంది కదా అంది. ఒక శనివారం బ్యాంకు ఒంటిపూట. ఇంటికొస్తుంటే ఎదురింటి మెట్టు మీద ఎవరో కూర్చుని ఉన్నట్టు తెలిసిందట.

"సులభా?"

"అవును తాయి."

"శనివారాలు నేను మధ్యాహ్నానికల్లా వస్తాను. బెల్లు కొట్టి రా."

సులభా వెంటనే రాలేదు. ఇంకో మూడు నాలుగు శనివారాలు పోయాక బెల్లు మోగింది. మందాతాయి రేడియో గొంతు తగ్గించి మంచం మీద కూర్చుంది. సులభా బండల మీద పడుకుంది. అయితే నిద్రపోలేదట, ఇద్దరూ సాయంత్రం దాకా మాట్లాడుకున్నారు. మునుపటి చనువు మాత్రం తిరిగి రాలేదని ఇద్దరూ నాతో అన్నారు. సులభా లోపలికి రాగానే "తాయి, నేను కుర్చీ జరుపుతున్నాను" అని పైకి చెప్పేది. మందాతాయి ఊఁ అనేది.

సులభా మామగారు పోయాక చౌగులే వాళ్ళు బద్లాపూర్‌లో రెండు గదుల ఇల్లు కొనుక్కుని వెళ్ళిపోయారు. గృహప్రవేశానికి పోలేకపోయామని మేమిద్దరం తర్వాత ఒక ఆదివారం వెళ్ళాం. మందాతాయి గోడలు తడుముకుంటూ ఇల్లంతా తిరిగింది. కిటికీలు ఎటు తెరుచుకుంటాయో చూసింది, వంటింటి గట్టు ఎత్తుగా ఉందంది. లోపలి గదిలో చెయ్యి చాపితే పుస్తకాల కట్టలు, పిల్లల సైకిలు, ముసలావిడ దేవుడి మందిరం తగిలాయి.

"ఇదంతా వీళ్ళే ఆక్రమించారా? మరి నువ్వెక్కడ పడుకుంటావు మధ్యాహ్నం?"

"మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ ఉండరు తాయి. పిల్లలు బడికి, అత్తయ్య భజనకి. ఇల్లంతా నాదే." సులభా నవ్వింది. "ఇప్పుడేమో నిద్ర రావట్లేదు. కుట్టు మిషను కొనుక్కున్నాను."

సులభా మందాతాయి చేతిని ఆ మిషను మీద పెట్టి చూపించింది. జాకెట్టు కొలతలు తీసుకుంటానంటే, ముందు తిండి పెట్టు అంది మందాతాయి. పోహా తిని, టీ తాగి, మేము సాయంత్రం బండికి స్టేషనుకి నడిచాం.